తాగుడు మాన్పించే పౌడర్ ఆర్డర్ పెట్టేవాళ్లు ఒక్కసారి ఇది చదవండి

"తెలియకుండా కూరలో కలిపి పెట్టండి, నెలలో మందు వాసనే పడదు" అనే యాడ్ చూసి ఆ పౌడర్ ఆర్డర్ పెట్టింది నేనే, మా వదిన కాదు. డబ్బా 1,450 రూపాయలు. లోపల ఏమేం కలిపారో ఎక్కడా లేదు, "100% ఆయుర్వేదం" అని మాత్రం ఆకుపచ్చ అక్షరాలతో వేశారు.

మూడో రోజు రాత్రి అన్నయ్య తాగొచ్చి, అది కలిపిన పప్పుచారుతో కడుపునిండా తిన్నాడు. అరగంటకి వాంతులు. పనిచేస్తోందిలే అనుకున్నాం, చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాలుగో వాంతికి ఛాతీ పట్టుకుని ఒక్క అరుపు అరిచి కూలబడ్డాడు. దగ్గర్లోని నర్సింగ్ హోంలో ఈసీజీ బాగానే ఉందని, గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి పంపేశారు. పౌడర్ సంగతి మేమూ చెప్పలేదు. తెల్లారేసరికి మెడ ఉబ్బింది, వదిన చెయ్యేస్తే చర్మం కింద థర్మోకోల్ నలిపినట్టు కరకరమంది.

పెద్దాసుపత్రిలో సీటీ తీస్తే తేలింది, వాంతి ఒత్తిడికి అన్నవాహిక కింది భాగం ఎడమవైపు చిరిగిపోయింది, తిన్నదంతా గుండె, ఊపిరితిత్తి చుట్టూ చేరింది. చీము పట్టి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే మనిషి దక్కడం కష్టం. బోర్‌హావే సిండ్రోమ్ అంటారట. 1724లో ఆ పేరుగల డాక్టరు రాసిన మొదటి కేసు ఒక డచ్ నౌకాదళాధిపతిది, ఆయన కూడా బాగా తిని వాంతి మందు తాగినవాడే! ఆయన బతకలేదు. ఇప్పుడు మొదటి 24 గంటల్లో ఆపరేషన్ అయితే ఎక్కువమంది బయటపడతారు, ఆలస్యమయ్యేకొద్దీ ఆశ తగ్గిపోతుంది, వైద్యమే అందకపోతే దాదాపు ఎవరూ మిగలరు. మాకు 14 గంటలైంది.

చిరుగు కుట్టి, పక్కటెముకల మధ్య ఒక గొట్టం, తిండికి పేగులోకి ఇంకో గొట్టం పెట్టారు. పదో రోజున కుట్టు దగ్గర లీకైతే అన్నవాహిక లోపల స్టెంట్ (లీకు మూసే గొట్టం) వేశారు. ఐదు వారాలు నోట్లో చుక్క నీళ్లు పోయలేదు. ఇప్పుడు ఆ చోటు సన్నబడి ముద్ద దిగడం లేదు, వెడల్పు చేయించడానికి ఎండోస్కోపీకి తిరుగుతున్నాం.

తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ అని డాక్టర్లు రాసే మందు ఒకటుంది, అది వేసుకుని తాగితే వాంతులు, గుండెదడ వస్తాయి కాబట్టి పేషెంటుకి చెప్పి, ఒప్పించాకే ఇస్తారు. మా డబ్బాలో ఉన్నది అదో ఇంకేదో తేలలేదు. ఇప్పటికే కలుపుతుంటే ఈ రోజే ఆపేయండి. వాంతి తర్వాత ఛాతీ నొప్పి వస్తే గ్యాస్ అని ఊరుకోకండి, పౌడర్ సంగతి డాక్టరుకి ముందే చెప్పేయండి.

రివ్యూ పెడితే అమ్మినవాడి జవాబు: "డోసు ఎక్కువైంది సార్, మజ్జిగ తాగించండి."