ఒక్కడే యజమానా, ఊరంతా యజమానులా? డాలస్ కౌబాయ్స్, గ్రీన్ బే ప్యాకర్స్ పోలిక

అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్టు ఎవరి చేతిలో ఉందో డ్రాఫ్ట్ రోజునే, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే రోజునే, తెలిసిపోతుందని నా నమ్మకం.

డబ్బు
కౌబాయ్స్: జెర్రీ జోన్స్ 1989లో సుమారు 14 కోట్ల డాలర్లకు కొన్నాడు.
ప్యాకర్స్: 5 లక్షలకు పైగా వాటాదారులు. 2021లో ఒక్కో వాటా 300 డాలర్లు. లాభం పంచరు, తిరిగి అమ్ముకోనివ్వరు. అయినా జనం కొన్నారు!

నిర్ణయం
కౌబాయ్స్: యజమానే జనరల్ మేనేజర్.
ప్యాకర్స్: వాటాదారులు బోర్డును ఎన్నుకుంటారు, అంతే. ఆటగాళ్ల ఎంపిక జనరల్ మేనేజర్ పని.

ఓపిక
అసలు తేడా ఇక్కడే. క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి విసిరి ఆటను నడిపేవాడు) బ్రెట్ ఫార్వ్ ఆడుతుండగానే ప్యాకర్స్ 2005లో 24వ ఎంపికగా ఆరన్ రాడ్జర్స్‌ను తీసుకుని మూడేళ్లు బెంచీ మీద కూర్చోబెట్టారు. 2020లో జోర్డన్ లవ్ విషయంలోనూ అదే పద్ధతి. అప్పుడు రిసీవర్ (విసిరిన బంతిని అందుకునేవాడు) కావాలని గొడవపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ప్యాకర్స్‌దే సరైన ఆలోచన అంటాను.

రిస్క్
కౌబాయ్స్: ఒక్కడి మోజు. 2014లో జోన్స్ మనసు కాలేజీ స్టార్ క్వార్టర్‌బ్యాక్ జానీ మాన్జియెల్ మీద ఉంది. కొడుకు స్టీఫెన్ నచ్చజెప్పబట్టి క్వార్టర్‌బ్యాక్‌ను కాచే లైన్‌లో ఆడే జాక్ మార్టిన్ వచ్చాడు, బతికిపోయారు.
ప్యాకర్స్: మరీ నిదానం.

ఒక్క ఆటగాడు తక్కువై ఆగిపోయిన జట్టుకు తెగించే యజమాని మేలు. క్వార్టర్‌బ్యాక్‌కు వయసు మీదపడి, లైన్ బలహీనపడిన జట్టుకు గ్రీన్ బే ఓపికే కావాలి. ఓపిక నేర్చుకోవచ్చు గానీ ఊరంతా యజమానులయ్యే ఆ పద్ధతి మాత్రం దొరకదు. మిగతా జట్లకు దాన్ని లీగ్ (ఎన్ఎఫ్ఎల్) నిబంధనలు ఒప్పుకోవు.