అల్లుడి ఇంటిపేరు వెంట టెక్సాస్ కొండల్లో

ఆస్టిన్, డల్లాస్‌ల నుంచి మనవాళ్ళు హిల్ కంట్రీకి వెళ్ళేది ఎక్కువగా పీచ్ పళ్ళ కోసం, వసంతంలో బ్లూబానెట్ పూల దగ్గర ఫొటోల కోసం, లేదా ఎన్‌చాంటెడ్ రాక్ ఎక్కడానికి. మేం మాత్రం మా అల్లుడి ముత్తాతల లెక్క తేల్చడానికి వెళ్ళాం. వాళ్ళది 1846లో జర్మనీ నుంచి వచ్చి ఫ్రెడరిక్స్‌బర్గ్ చుట్టుపక్కల పొలాలు చేసుకున్న కుటుంబం. మా అమ్మాయి, అల్లుడు, మా వియ్యపురాలు, నేను, ఒకే కారు. వియ్యపురాలు నన్ను 'వదినగారూ' అనడం పెళ్ళిలోనే నేర్చుకుంది. ఆవిడ దగ్గర ఒక పాత బైబిలు ఉంది. దాని మొదటి పేజీల్లో పుట్టిన, చనిపోయిన తేదీలు రాసి ఉన్నాయి కానీ, ఆ గొలుసుకట్టు జర్మన్ రాత ఇప్పుడు వాళ్ళింట్లో ఎవరికీ చదవడం రాదు.

ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకి ఏ ఊళ్ళో ఎంతసేపు ఉండాలి, ఎక్కడ డబ్బు దండగ అన్నది రాస్తున్నాను. సంగతి తెలియకపోతే ఊళ్ళు చూసినా రుచించవు కాబట్టి ముందు కాస్త చరిత్ర.

1842 ఏప్రిల్‌లో రైన్ నది ఒడ్డున బీబ్రిక్‌లో కొందరు జర్మన్ ప్రభువులు కలిసి టెక్సాస్‌కి జనాన్ని పంపే సంఘం పెట్టారు. దాన్నే ఆడెల్స్‌ఫెరైన్ అంటారు. (అదే ఏడాది జులైలో, జర్మనీలో పుట్టి అమెరికాకి వలస వెళ్ళిన హయ్యర్ అనే లూథరన్ పాదిరీ మా గుంటూరు చేరాడు. గుంటూరు వాళ్ళకి ఫాదర్ హయ్యర్ పేరు చెప్పక్కర్లేదు. ఈ మాట చెప్తే వియ్యపురాలు నమ్మలేదు, ఫోన్‌లో చూపించాల్సి వచ్చింది.) ఒంటరి మగవాడైతే 120 డాలర్లు, కుటుంబమైతే 240 డాలర్లు కట్టాలి. ప్రయాణం, ఇల్లు, కుటుంబానికి 320 ఎకరాల భూమి వాళ్ళే చూసుకుంటారన్నారు. అరచేతిలో వైకుంఠమే. ఇస్తామన్న భూమి లానో, కొలరాడో నదుల మధ్య, కొమాంచీలనే స్థానిక ఆదివాసీల ఇలాకాలో ఉంది. ఒప్పందం రాసుకున్న ప్రభువుల్లో దాన్ని కంటితో చూసినవాడు లేడు. 1844-47 మధ్య ఏడు వేల మందికి పైగా వచ్చారు. 1846లో మెక్సికోతో యుద్ధం మొదలై, సరుకులు మోయాల్సిన బండ్లు సైన్యానికి వెళ్ళిపోయాయి. ఓడ దిగిన జనం సముద్రపు ఒడ్డునే గుడారాల్లో చిక్కుకుపోయి, జ్వరాలతో వందల మంది పోయారు. బతికినవాళ్ళు నడిచి కొండల్లోకి వచ్చారు.

మొదట న్యూ బ్రౌన్‌ఫెల్స్. ఆస్టిన్ నుంచి గంట దూరం. ఊరు 1845 మార్చి 21న, గుడ్ ఫ్రైడే నాడు పుట్టింది. స్థాపించిన ప్రిన్స్ కార్ల్ కొద్ది నెలలకే జర్మనీ వెళ్ళిపోయాడు. కాబోయే భార్య సోఫీ పేరు పెట్టుకున్న గుట్ట మీదే ఇప్పుడు సోఫియన్‌బర్గ్ మ్యూజియం, ఆర్కైవ్స్ ఉన్నాయి. మొత్తం ప్రయాణంలో ఖర్చుకి తగ్గ ఫలితం దక్కింది ఇక్కడే. మ్యూజియం చిన్నది, గంటలో అయిపోతుంది. అసలు సరుకు ఆర్కైవ్స్‌లో ఉంది: పాత జర్మన్ పత్రికలు, ఫొటోలు, కుటుంబాల ఫైళ్ళు, పెద్దవాళ్ళతో మాట్లాడి రికార్డు చేసిన టేపులు. 1852లో మొదలైన ఈ ఊరి జర్మన్ పత్రిక 1957 దాకా జర్మన్‌లోనే వచ్చిందంటే చూడండి. వెళ్ళేముందు ఫోన్ చేసి, ఏ కుటుంబం, ఏ ఏళ్ళు అన్నది చెప్పి పెట్టుకుంటే వెళ్ళేసరికి ఫైళ్ళు బల్ల మీద ఉంటాయి. చెప్పాపెట్టకుండా వెళ్తే సగం పూట వెతుక్కోవడానికే సరిపోతుంది.

అక్కడ పనిచేసే పెద్దావిడ బైబిలు పేజీల ఫొటోలు చూసి, భూతద్దం కూడా అడక్కుండా గడగడా చదివేసింది. మా అల్లుడిని ఏళ్ళ తరబడి తికమక పెట్టిన ముడి ఒకటి అయిదు నిమిషాల్లో విప్పింది. బైబిల్లో అన్నదమ్ములు ముగ్గురి పేర్లూ యోహానే. ఆ కాలంలో యోహాన్ అన్నది చాలామందికి ముందు తగిలించే పేరట, పిలిచేది రెండో పేరుతో. ఆ రెండో పేరు పట్టుకుని వెతికితే జనాభా లెక్కల్లో ముగ్గురూ దొరికారు. ఇంకో మాట కూడా చెప్పింది. బాప్తిస్మం రిజిస్టర్లో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు చూసి ఆగిపోకూడదు, సాక్షులుగా నిలబడ్డవాళ్ళ పేర్లు రాసుకోవాలి. అలా నిలబడే జ్ఞాన తల్లిదండ్రులు సాధారణంగా మేనత్తో, పినతల్లో, పొరుగు పొలం వాళ్ళో అయి ఉంటారు. అల్లుడి ముత్తాత అక్క బాప్తిస్మం ఈ ఊళ్ళోనే జరిగింది. సాక్షుల్లో ఒకావిడ ఇంటిపేరు మాకెవరికీ తెలియనిది. రాసి పెట్టుకున్నాం.

జనాభా లెక్కలు ఇంట్లో కూర్చునే ఫ్యామిలీసెర్చ్ అనే సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. 1850 నుంచి ఇంట్లో ప్రతివాళ్ళ పేరూ ఉంటుంది. 1890వి దాదాపు అన్నీ 1921 అగ్నిప్రమాదం దెబ్బకి పోయాయి, వాటి కోసం వెతక్కండి. మా వియ్యపురాలి ఇంట్లో ఒక పాత తగాదా ఉంది: మనం ప్రష్యా వాళ్ళమా, నాసౌ వాళ్ళమా అని. 1850లో పెద్దాయన పుట్టిన చోటు నాసౌ అని ఉంది, 1880లో ప్రష్యా అని. రెండూ నిజమే. నాసౌ జర్మనీలో చిన్న సంస్థానం. 1866లో ప్రష్యా అనే పెద్ద జర్మన్ రాజ్యం దాన్ని కలిపేసుకుంది. మనిషి టెక్సాస్‌లో మొక్కజొన్న వేసుకుంటుండగానే పుట్టిన దేశం మారిపోయింది. ఈ తగాదా మీద ఇద్దరు పినతల్లులు క్రిస్మస్‌కి మాట్లాడుకోవడం మానేశారట!

న్యూ బ్రౌన్‌ఫెల్స్‌లో బస గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. వేసవిలో నది మీద ట్యూబుల్లో తేలే జనం వల్ల గదుల రేట్లు రెట్టింపు, పార్కింగ్ నరకం. హైవే పక్కన మామూలు మోటెల్ చాలు. గ్రూన్ అనే పాత పేటలో 1878 నాటి డాన్స్ హాలు ఉంది, సాయంత్రం సంగీతం బాగుంటుంది. మేం పాట వినేసి పడుకున్నాం.

ఫ్రెడరిక్స్‌బర్గ్ సంగతి వేరు. 1846 ఏప్రిల్‌లో న్యూ బ్రౌన్‌ఫెల్స్ నుంచి 120 మంది ఎడ్లబండ్ల మీద బయల్దేరి 16 రోజులకి, మే 8న ఇక్కడికి చేరారు. ఇప్పుడు అదే దూరం గంటన్నర. వాళ్ళకి చివరికి దక్కింది ఊళ్ళో ఒక ఇంటిస్థలం, బయట 10 ఎకరాలు. సంఘం దివాలా అంచుకి చేరినా ఊరు నిలిచిందంటే, పెద్ద కారణం మొయ్‌జెబాక్ అనే అధికారి. బారన్ బిరుదు వదిలేసుకుని జాన్ అని పేరు పెట్టుకున్న మనిషి, 1847లో కొమాంచీలతో సంధి చేసుకున్నాడు.

మెయిన్ స్ట్రీట్ చూసి నేను కొంచెం నీరుగారాను. ఎడ్లబండి వెనక్కి తిరిగేంత వెడల్పు వీధి, కానీ నిండా వైన్ రుచి చూపించే కొట్లు, కొవ్వొత్తులు, టోపీలు. శనివారం అయితే అడుగు పెట్టలేం. అడ్డవీధుల పేర్ల మొదటి అక్షరాలు ఒకవైపు కలిపితే 'ఆల్ వెల్‌కమ్', రెండోవైపు కలిపితే 'కమ్ బ్యాక్' అని వస్తుంది. మా అమ్మాయి ఆ ఆటలో చాలాసేపు గడిపింది. మధ్యలో ఉన్న ఎనిమిది పలకల ఫెరైన్స్ కిర్షె అసలుది కాదు. 1847లో కట్టింది కూల్చేశాక 1930లలో మళ్ళీ కట్టిన నమూనా. చర్చి, బడి, కోట అన్నీ అదే కాబట్టి చూడాలి, పది నిమిషాలు చాలు. డబ్బు పెట్టాల్సింది పయొనీర్ మ్యూజియం మీద. అక్కడ సండే హౌస్ లోపలికి వెళ్ళొచ్చు. దూరపు పొలాల వాళ్ళు శనివారం సరుకులకి, ఆదివారం చర్చికి వచ్చి తలదాచుకోవడానికి కట్టుకున్న బుల్లి ఇళ్ళవి. కింద ఒక గది, వెనక వంటకి చిన్న వసారా, పిల్లలు పడుకునే అటక. అటక మెట్లు చాలా ఇళ్ళలో గోడ బయట ఉంటాయి, ఎందుకంటే లోపల మెట్లకి చోటు లేదు!

అలాంటి ఇల్లొకటి బసకి తీసుకున్నాం. రాత్రికి 200 డాలర్ల పైనే. సైట్‌లో వంటగది అని రాశారు కానీ ఉన్నది మైక్రోవేవ్, కాఫీ మెషీను, రెండు కప్పులు. బియ్యం, కుక్కరు మోసుకెళ్ళినందుకు టెన్షన్ తప్ప ఏం మిగల్లేదు. ఫోన్ చేస్తే మర్యాదగా సారీ చెప్పారు, డబ్బు మాత్రం తగ్గించలేదు. నలుగురికి ఇరుకే, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అటక వద్దు. అయినా ఒక రాత్రి ఉండండి. అర్ధరాత్రి పలకల చప్పుడు వింటూ పడుకుంటే, ఎనిమిది మంది ఆ గదిలో ఎలా సర్దుకున్నారో పుస్తకం అక్కర్లేకుండా తెలుస్తుంది. రెండో రాత్రికి హోటల్‌కి మారిపోండి.

శాకాహారులకి తిండి కష్టమే. క్యాబేజీ కూరల్లో కూడా పందిమాంసం ముక్కలు వేస్తారు, అడిగి తెప్పించుకోవాలి. ఆలూ ప్యాన్‌కేకులు, ఆవాల ముద్దతో ప్రెట్జెల్ బాగుంటాయి. మేం పులిహోర తెచ్చుకున్నాం, వియ్యపురాలే సగం తినేసింది. జూన్‌లో వెళ్తే స్టోన్‌వాల్ దారిలో తోటల దగ్గరే పీచ్ పళ్ళు కొనండి, ఊళ్ళో కొట్లలో కాదు.

పొద్దున్నే ఎండ ముదరక ముందు డెర్ స్టాట్ ఫ్రీడ్‌హోఫ్‌కి వెళ్ళాం, అది ఊరి పాత శ్మశానం. టికెట్ లేదు, మనుషులు లేరు. రాళ్ళ మీద రాత మొదటి ప్రపంచయుద్ధం దాకా చాలావరకు జర్మన్, తర్వాత ఇంగ్లీషుకి తిరిగింది. 1918లో టెక్సాస్ చట్టం బడుల్లో ఇంగ్లీషు తప్ప ఇంకోటి వద్దంది, జర్మన్‌లో మాట్లాడితే అనుమానంగా చూసే రోజులవి. వియ్యపురాలి తల్లికి టెక్సాస్ జర్మన్ వచ్చు, ఈవిడకి తిట్లు మాత్రమే వచ్చు. ఆడవాళ్ళ రాళ్ళ మీద భర్త ఇంటిపేరు కింద పుట్టింటి పేరు కూడా చెక్కి ఉంటుంది, వెతికేవాళ్ళకి అది నిధి. రెండో వరసలో అల్లుడి ముత్తాత తల్లి రాయి దొరికింది. నాచు మీద నీళ్ళు చల్లి, మెత్తటి బ్రష్‌తో అమ్మాయి తుడిచింది (తీగ బ్రష్, బ్లీచ్ పొరపాటున కూడా వాడకూడదు, రాయి పాడవుతుంది). అల్లుడు ఫోన్ లైటు పక్కనుంచి వేస్తే అక్షరాలు లేచాయి. పుట్టింటి పేరు, న్యూ బ్రౌన్‌ఫెల్స్ రిజిస్టర్లో సాక్షిగా ఉన్నావిడ పేరు, రెండూ ఒకటే. అంటే బిడ్డని ఎత్తుకున్నది ఆవిడ చెల్లెలో అక్కో అయ్యుంటుంది. ఒక్కర్తే వచ్చిందనుకున్న మనిషికి ఇక్కడ తోబుట్టువు ఉందన్నమాట. మన తర్పణంలో మూడు తరాలు చెప్పుకుంటాం, అదీ మగవాళ్ళ వైపు ముందు. నాకు నా ముత్తవ్వ పుట్టింటి పేరు తెలియదని అక్కడ నిలబడ్డాక గుర్తొచ్చింది.

స్టోన్‌వాల్ దగ్గర ఎల్‌బీజే (మాజీ అధ్యక్షుడు లిండన్ బి. జాన్సన్) స్టేట్ పార్కులోని సావర్-బెక్‌మన్ ఫామ్ మెయిన్ స్ట్రీట్ మొత్తం కంటే మేలు, ప్రవేశం ఉచితం. 1915-18 నాటి జర్మన్ రైతు ఇల్లు. ఆ కాలపు బట్టల్లో ఉద్యోగులు నిజంగానే ఆవుల్ని పితుకుతారు, కట్టెల పొయ్యి మీద వండుతారు, వెన్న తీస్తారు. వాళ్ళ వెన్న పీపాకి కర్ర పైకీ కిందికీ ఆడించాలి. మన కవ్వంలాగా తాడు లాగే పని లేదు, చేతులు మాత్రం అంతే నొప్పెడతాయి. మధ్యాహ్నం లోపల వెళ్తే పనులన్నీ చూడొచ్చు.

కంఫర్ట్ చిన్న ఊరు, ఫ్రెడరిక్స్‌బర్గ్‌కి దక్షిణంగా అరగంట. 1854లో స్వేచ్ఛాలోచనాపరులైన జర్మన్లు పెట్టారు, చాలా ఏళ్ళు చర్చే కట్టలేదు. అమెరికా అంతర్యుద్ధంలో, బానిసత్వం కోసం పోరాడే కాన్ఫెడరేట్ల (దక్షిణాది రాష్ట్రాల) వైపు చేరేది లేదని అరవై మందికి పైగా జర్మన్లు మెక్సికో దారి పట్టారు. 1862 ఆగస్టు 10న న్యూసెస్ నది దగ్గర వాళ్ళ మీద కాన్ఫెడరేట్ సైనికులు దాడి చేశారు. గాయపడి దొరికినవాళ్ళనీ చంపేశారు. యుద్ధం అయ్యాక బంధువులు ఎముకలు ఏరి తెచ్చి ఇక్కడ పాతిపెట్టి, 1866లో సున్నపురాతి స్తంభం నిలబెట్టారు. పేర్లన్నీ చెక్కి ఉన్నాయి. ఆనాటి 36 నక్షత్రాల అమెరికా జెండా అక్కడ ఎప్పుడూ సగం దించే ఉంటుంది. వియ్యపురాలు పేర్లు ఒక్కొక్కటీ వేలితో చదివింది, వాళ్ళ ఇంటిపేరు లేదు. వాళ్ళవాళ్ళు ఆ యుద్ధంలో ఎటు ఉన్నారని అల్లుడు అడిగితే ఆవిడ జవాబు చెప్పలేదు. కారెక్కాక చాలాసేపటికి, "గ్రే కోటు ఒకటి అటకమీద ఉండేది" అంది. గ్రే అంటే కాన్ఫెడరేట్ల రంగు.

భూమి కాగితాల కోసం ఇంత దూరం తిరగక్కర్లేదు. సంఘం వాళ్ళ ఫిషర్-మిల్లర్ భూముల (లానో, కొలరాడో మధ్య ఇస్తామన్నవి) పత్రాలు ఆస్టిన్‌లోని జనరల్ లాండ్ ఆఫీస్‌లోనే ఉన్నాయి. ముందు ఆన్‌లైన్‌లో పేరు వెతికి, నకలుకి అర్జీ పెట్టుకోవచ్చు.

ఇక ఇండియనోలా. ఆ వలసవాళ్ళు ఓడ దిగిన రేవు అది. 1875లో, 1886లో తుఫాన్లు వచ్చి ఊరంతా ఊడ్చేశాయి. మన దివిసీమ ఉప్పెన చూసినవాళ్ళకి వివరించక్కర్లేదు. ఇప్పుడు ఒక గ్రానైట్ విగ్రహం, కొన్ని గుర్తురాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, అంతే. కోర్టు భవనం పునాది సముద్రంలో ఉందని ఒక రాయి చెప్తుంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి వద్దంటాను. కుటుంబం లెక్క తేల్చుకునేవాళ్ళు మాత్రం వేరే రోజు పెట్టుకుని, చలికాలంలో వెళ్ళండి. నీడ లేదు, హోటల్ లేదు. తిండి, నీళ్ళు, పెట్రోలు అన్నీ దగ్గర్లోని పోర్ట్ లవాకా ఊళ్ళోనే చూసుకుని బయల్దేరాలి.