చర్చ్ స్ట్రీట్ కాఫీ హౌస్: మాట వినపడాలంటే ఏ టేబుల్?

బెంగళూరులో కాఫీ రుచి మీద రివ్యూలకు కొదవ లేదు. ఎదుటి మనిషి చెప్పేది చివరిదాకా వినడానికి ఏ హోటల్ అనువైనదో మాత్రం ఎవరూ రాయరు. ఊరి నుంచి వచ్చిన నాన్నతో పొలం సంగతి తేల్చుకోవాలన్నా, పెళ్లిచూపులయ్యాక అమ్మాయీ అబ్బాయీ విడిగా కలవాలన్నా ఇక్కడి తెలుగువాళ్లు పట్టేది హోటల్ దారే. ఆ కొలతతో చూస్తే చర్చ్ స్ట్రీట్‌లోని ఇండియన్ కాఫీ హౌస్‌కి మంచి మార్కులే పడతాయి.

కేంద్ర ప్రభుత్వ సంస్థ కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసేస్తున్న రోజుల్లో పనివాళ్లే సహకార సంఘం పెట్టుకుని నిలబెట్టుకున్న సంస్థ ఇది. బెంగళూరు సంఘం 1957లో పుట్టింది. ఎం.జి. రోడ్డులో ఉండే హోటల్ 2009లో ఇక్కడికి మారింది. తలపాగా సర్వర్లు, కట్లెట్, ఆమ్లెట్, కాఫీ. కాఫీ కోసమే అయితే ఊళ్లో ఇంతకన్నా మంచివి దొరుకుతాయి. ఇక్కడికి రావాల్సింది తీరిక కోసం. కప్పు ఖాళీ అవగానే లేవమని ఎవరూ చూపులతో తరమరు.

టైము చూసుకుని వెళ్లాలి. మామూలు గొంతు ఒక మీటరు దూరంలో సుమారు 60 డెసిబెళ్లు ఉంటుంది. చుట్టూ చప్పుడు పెరిగేకొద్దీ మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. దీన్ని 1911లోనే ఫ్రెంచి వైద్యుడు లొంబార్డ్ గుర్తించాడు. పక్క టేబుల్ వాళ్లూ అదే చేస్తారు, వాళ్ల చప్పుడు మీద వినపడాలని మనం ఇంకాస్త పెంచుతాం, చివరికి హాలంతా అరుపులే. అలా అరిచి మాట్లాడుకునే చోట మనసులో మాట బయటికి రాదు. పనిరోజు మధ్యాహ్నం, భోజనాల రద్దీ తగ్గాక వెళ్లడం మేలు. ఫోన్‌లో చప్పుడు కొలిచే యాప్ ఉంటే లోపలికి అడుగుపెట్టగానే చూడండి. నాలుగైదు డెసిబెళ్లు అటూ ఇటూ చూపించినా అంచనాకి సరిపోతుంది. 70 దాటితే ఆ రోజుకి ముఖ్యమైన సంగతి ఎత్తకండి.

క్యాష్ కౌంటర్ పక్క టేబుల్ ఏ హోటల్లోనూ వద్దు. యూపీఐ స్పీకర్ ఎవరెంత కట్టారో అరిచి చెబుతూనే ఉంటుంది, చెప్పేవాళ్ల మాట సగంలో తెగుతుంది. వంటగది తలుపు దగ్గరా అంతే. మూల టేబుల్ చూసుకుని, చెవి కాస్త మందగించిన పెద్దవాళ్లను గోడకు వీపు ఆనేలా కూర్చోబెడితే వెనక నుంచి వచ్చే చప్పుడు తగ్గుతుంది. మాట్లాడేవాళ్ల మొహం మీద వెలుగు పడాలి. వయసుతో ముందు పోయేది సన్నని శబ్దాలు, అంటే స, ష లాంటివి. పెదవులు కనిపిస్తే ఆ లోటు కొంత పూడుతుంది. ఎదురెదురుగా కాకుండా టేబుల్ మూలకి అటొకరు ఇటొకరు కూర్చుంటే దూరం బాగా తగ్గుతుంది. దూరం సగమైతే చేరే గొంతు ఇంచుమించు 6 డెసిబెళ్లు పెరుగుతుంది, పైగా అదేపనిగా కళ్లలోకి చూడాల్సిన ఇబ్బందీ ఉండదు. పెళ్లిచూపుల జంటకి ఇది మరీ ముఖ్యం.

కావాల్సినవన్నీ ఒకేసారి చెప్పేయండి. కాఫీలు వచ్చి సర్వర్ వెళ్లాకే అసలు సంగతి మొదలుపెట్టాలి. ఫోన్ బోర్లా పెడితే చాలదు, సంచిలో పడేయాలి. అందుకే నోట్లు దగ్గరుంచుకోవడం మంచిది. బిల్లు కట్టడానికని ఫోన్ తీసినవాళ్లు వాట్సాప్ చూడకుండా లోపల పెట్టరు.

ఇక వినడం. ఒకరు ఆపాక ఇంకొకరు అందుకునేలోపు మనుషులు ఇచ్చే విరామం సగటున సెకనులో ఐదో వంతే. పది భాషల్లో కొలిచి 2009లో ప్రచురించిన లెక్క ఇది. అంత తక్కువ వ్యవధిలో జవాబు రావాలంటే ఎదుటివాళ్లు ముగించకముందే మనం తయారు చేసుకుంటూ ఉండాలి. వినడం చెడేది సరిగ్గా అక్కడే. వాళ్లు ఆగాక మనసులో రెండు లెక్కపెట్టండి. చాలాసార్లు ఆ ఖాళీలోనే వాళ్లు అసలు మాట చెబుతారు. ‘ఊఁ’ కొట్టండి గానీ పాటకి తాళం వేసినట్టు కాదు, అది ఇట్టే తెలిసిపోతుంది. ‘మా బావమరిదికీ ఇంతే’ అని అందుకుంటే కథ మీదైపోతుంది. సలహా అడిగేదాకా ఇవ్వొద్దు. ‘అంటే పొలం అమ్మడం కాదు, నన్ను అడక్కపోవడమే బాధ అంటారు, అంతేనా నాన్నా?’ అని సారం పట్టుకుని అడగండి. ఆయన మాటలే తిప్పి అప్పజెబితే వెటకారం అనుకుంటారు. చెప్పేవాళ్లకీ ఓ మాట: మూడు సంగతులు కలిపి చెప్పొద్దు. ఒకటి చెప్పి ఆగండి.

మిగతా చోట్ల గురించి క్లుప్తంగా. సెయింట్ మార్క్స్ రోడ్డు కోషీస్ కూడా తీరిగ్గా కూర్చునే చోటే, ఖర్చు కాస్త ఎక్కువ. శంకరపురం బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌లో నిలబడి తినాలి. ఇడ్లీ వడ అద్భుతం, మాటలు పది నిమిషాలకు మించవు. గాంధీ బజార్ విద్యార్థి భవన్‌లో టేబుల్‌కి కొత్తవాళ్లు కూడా వచ్చి చేరతారు, బయట వరుస ఎదురుచూస్తూ ఉంటుంది. అక్కడ దోశ మీదే మనసు పెట్టండి. రెసిడెన్సీ రోడ్డు నాగార్జునలో ఆకు ముందు కూర్చున్నాక పప్పు, పొడి, నెయ్యి, మారు అన్నం అంటూ నిమిషానికొకరు వస్తారు. భోజనానికి అదే అందం, కష్టం చెప్పుకోవడానికి మాత్రం కుదరదు. తిని, కబ్బన్ పార్కులో చెట్ల కింద నడుస్తూ చెప్పుకోండి.

కాఫీ హౌస్‌కి కారులో వెళితే పార్కింగ్ కోసం తిరిగి తిరిగి చిరాకుతో లోపలికి వస్తారు. మెట్రోలో ఎం.జి. రోడ్డు స్టేషన్‌లో దిగి నడిచిపోవచ్చు.