బంపర్ తగిలే చోట్లకి నాన్నతో: కన్నాపొలిస్, బ్రిస్టల్, మార్టిన్స్‌విల్

నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్టీసీలో డ్రైవర్‌గా చేశారు. నరసరావుపేట డిపో. 2024 ఆగస్టులో మొదటిసారి మా దగ్గరికి, నార్త్ కరోలినాలోని కాంకర్డ్‌కి వచ్చారు. షార్లెట్ మోటార్ స్పీడ్‌వే మా ఊళ్ళోనే ఉంది. ఒక ఆదివారం మా అబ్బాయి టీవీలో నాస్కార్ అనే అమెరికా సంస్థ నడిపే కార్ల రేసు పెట్టాడు. వెనక కారు వచ్చి ముందు కారు బంపర్‌కి తగిలించి, దాన్ని పక్కకి జరిపి వెళ్ళిపోయింది. నాన్న లేచి కూర్చున్నారు. "వాడికి లైసెన్సు ఎవరిచ్చార్రా?" అన్నారు. ఆయన నిజంగానే బాధపడి అడిగారు. "అది రేసింగ్ తాతయ్యా, అలా చేసినవాళ్ళకి విగ్రహాలు కూడా ఉన్నాయి," అన్నాడు మావాడు. వాడికి పదమూడేళ్ళు. ఈ వాదన ఇంట్లో తేలేది కాదని ఆ శరదృతువులో ముగ్గురం కలిసి తిరిగాం. అమ్మ, మా ఆవిడ చప్పుడు భరించలేమని రాలేదు.

ముందు విగ్రహం. కన్నాపొలిస్ మాకు పావుగంట దూరం. ఒకప్పుడు కానన్ మిల్లుల బట్టల ఊరు. ఆ విగ్రహం రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్‌ది. అతను 1951లో ఇక్కడే పుట్టాడు. తండ్రి రాల్ఫ్ కూడా మట్టి ట్రాకుల మీద పేరున్న రేసర్. 1973లో ఇంట్లో కారు పని చేసుకుంటూ గుండె ఆగి పోయాడు. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన కొడుకు తర్వాత 7 సార్లు ఛాంపియన్ అయ్యాడు, 76 రేసులు గెలిచాడు. ముందున్నవాణ్ణి భయపెట్టి దారి తీసుకుంటాడని అతనికి 'ఇంటిమిడేటర్' అనే పేరు స్థిరపడింది. అద్దంలో నల్ల 3 నంబర్ కారు కనబడితే చేతులు చెమటలు పట్టేవని తోటివాళ్ళే చెప్పుకునేవారు.

విగ్రహం తొమ్మిది అడుగుల కంచుది. చేతులు కట్టుకుని, జీన్స్ వేసుకుని, నవ్వుతూ నిలబడి ఉంటాడు. హెల్మెట్ లేదు, కారు లేదు. చుట్టూ చిన్న తోట, బెంచీలు. టికెట్ లేదు, అరగంట చాలు. పొద్దున్నే వెళ్ళండి, తొమ్మిది దాటితే ఎండ నేరుగా ముఖం మీద పడుతుంది. మేం వెళ్ళినప్పుడు ఒక ముసలాయన వచ్చి టోపీ తీసి కాసేపు నిలబడి వెళ్ళాడు. మన ఊళ్ళల్లో పెద్దల విగ్రహాల దగ్గర ఆగినట్టే. నాన్న అది చూశారు గానీ ఏమీ అనలేదు.

షార్లెట్ నడిబొడ్డున ఉన్న నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ 2010లో తెరిచారు. పిల్లలుంటే డబ్బుకి న్యాయం జరుగుతుంది, పెద్దవాళ్ళు మాత్రమే వెళ్తే రెండు గంటల్లో అయిపోతుంది. లోపల ఎక్కే వాలుదారి పక్కన అసలు కార్లు పెట్టారు. ఆ దారి క్రమంగా ఒరుగుతూ చివరికి 33 డిగ్రీలకి వస్తుంది. నిలబడితే కాలు జారుతుంది. నాన్న చెయ్యి పెట్టి చూసి "దీని మీద బ్రేకు ఎట్లా వేస్తారు?" అని అడిగారు. అక్కడి గైడ్ ఆ ప్రశ్నకి సంతోషపడిపోయి పది నిమిషాలు ఓపిగ్గా వివరించాడు. పార్కింగ్ ఖరీదు, ముందే ఆన్‌లైన్లో చూసుకోండి.

ఇక బ్రిస్టల్. సెప్టెంబరు 21, శనివారం రాత్రి రేసు. బూన్ మీదుగా కొండల్లో మూడు గంటల ప్రయాణం. రేసు వారాంతంలో ఆ చుట్టుపక్కల హోటళ్ళు రేట్లు మూడింతలు చేస్తాయి, కొన్ని రెండు రాత్రులు తప్పనిసరి అంటాయి. మేం ముందే ఒక పెద్ద హోటల్లో గది బుక్ చేశాం. తీరా వెళ్ళాక మా పేరు మీద గది లేదన్నారు. నిర్ధారణ మెయిల్ చూపించినా కౌంటర్లో అబ్బాయి చేసేదేం లేదన్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషిని పక్కన పెట్టుకుని ఆ మాట వినడం కష్టంగా అనిపించింది. చివరికి జాన్సన్ సిటీలో ఒక పాత మోటెల్ దొరికింది. నడిపేది గుజరాతీ కుటుంబం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు వచ్చాయి, పొద్దున్నే ఆవిడ నాన్నకి అడక్కుండానే అల్లం టీ తెచ్చిచ్చింది. స్పీడ్‌వేకి అరగంట దూరం. మళ్ళీ వెళ్తే నేరుగా అక్కడికే వెళ్తాను, బుక్ చేసిన మర్నాడే ఫోన్ చేసి ఖాయం చేసుకుంటాను.

బ్రిస్టల్ ఊళ్ళో స్టేట్ స్ట్రీట్ చూడండి. రోడ్డు మధ్యలో ఇత్తడి గుర్తులు ఉంటాయి. అటు వర్జీనియా, ఇటు టెన్నెసీ. నాన్న ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ పెట్టి ఫొటో దిగారు.

స్పీడ్‌వేని బయటి నుంచి చూస్తే పెద్ద గిన్నెలా ఉంటుంది. లోపల ట్రాకు అర మైలు కన్నా కొంచెం ఎక్కువ, 0.533 మైలు. నేల కాంక్రీటు, మలుపుల్లో వాలు 28 డిగ్రీల వరకు. ముప్పై ఏడు కార్లు, ఒక్కో చుట్టు పదహారు సెకన్ల లోపు, 500 చుట్లు. చెవుల్లో స్పాంజ్ బిళ్ళలు పెట్టి, పైన హెడ్‌ఫోన్లు వేసుకోవాలి. స్కానర్ అద్దెకి తీసుకుంటే డ్రైవర్ మాటలు వినబడతాయి, తప్పకుండా తీసుకోండి. పైకప్పు మీద ప్రతి డ్రైవర్‌కీ ఒక స్పాటర్ ఉంటాడు. "లోపల ఉన్నాడు, ఇంకా ఉన్నాడు, క్లియర్" అని చెబుతూనే ఉంటాడు. నాన్న అది విని "ఇది మా కండక్టర్ పనేరా. రైట్, రైట్, హోల్డాన్," అన్నారు. అక్కడి నుంచి ఆయన రేసుని వేరేగా చూడడం మొదలుపెట్టారు.

చిన్న కూలర్ సంచీలో మన తిండి తీసుకెళ్ళనిస్తారు. శాకాహారులకి ఇంతకన్నా సాయం లేదు. పులిహోర, దద్దోజనం, మజ్జిగ తీసుకెళ్ళాం. పక్క వరసలో ఉన్న టెన్నెసీ దంపతులు పులిహోర రుచి చూసి, ఎండుమిరపకాయ కొరికి నీళ్ళు తాగారు. తర్వాత మళ్ళీ అడిగి పెట్టించుకున్నారు.

నిజం చెప్పాలి, ఆ రాత్రి రేసులో ముందు వరసలో పోరాటమే లేదు. కైల్ లార్సన్ 500లో 462 చుట్లు ముందే ఉండి గెలిచాడు. అంత బాగా నడిపినవాణ్ణి అందుకునేవాడే లేకపోతే గుద్దేదెవరు? మావాడు నీరసపడ్డాడు. అప్పుడు ఆ దంపతుల్లో ఆయన 1999 ఆగస్టు రాత్రి కథ చెప్పారు. అప్పుడూ ఆయన ఇక్కడే కూర్చున్నారట. చివరి చుట్టులో టెర్రీ లబాంటి ముందున్నాడు. ఎర్న్‌హార్ట్ వెనకనుంచి తగిలించాడు. లబాంటి కారు గిర్రున తిరిగిపోయింది, ఎర్న్‌హార్ట్ గెలిచాడు. తిప్పాలని కాదు, కొంచెం కదిపి చూద్దామనుకున్నానని గెలిచాక చెప్పాడు. సగం జనం చప్పట్లు, సగం జనం తిట్లు. నాలుగేళ్ళ ముందు, 1995లో, ఇదే ట్రాకు మీద ఇదే ఇద్దరు. అప్పుడూ చివరి మలుపులో తగిలించాడు, కానీ లబాంటి కారు అడ్డంగా జారుతూ, నుజ్జవుతూనే గీత దాటి గెలిచింది. "నువ్వు అప్పుడు చప్పట్లు కొట్టావా, తిట్టావా?" అని మావాడు అడిగాడు. ముందు తిట్టానని, ఇంటికెళ్ళే దారిలో చప్పట్లు కొట్టానని చెప్పాడాయన.

సీట్ల సంగతి. బ్రిస్టల్లో కింది వరసలు చవకని కొనకండి. కార్లు రంగుల గీతల్లా పోతాయి, రబ్బరు పొడి ముఖాన పడుతుంది. పైకి వెళ్ళండి, మొత్తం ట్రాకు కనిపిస్తుంది. మెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మొదటే ఆలోచించుకోవాలి. వీపు ఆనించడానికి లేని అల్యూమినియం బెంచీలు, దిండు పట్టుకెళ్ళండి. తిరిగొచ్చేటప్పుడు ఎర్విన్ మీదుగా 26వ హైవే పట్టాం. రేసు అయిన ఆరు రోజులకి హెలీన్ తుఫాను వరదలో ఆ హైవే వంతెనలే కొట్టుకుపోయాయి, బూన్ దారీ దెబ్బతింది. మేం టీ తాగిన కొండ ఊళ్ళ పేర్లు వార్తల్లో వింటుంటే నాన్న భోజనం మధ్యలో లేచిపోయారు.

మార్టిన్స్‌విల్ వెళ్ళింది నవంబరు 3న. మాకు రెండు గంటల దూరం, కాబట్టి గది అవసరం రాలేదు. వర్జీనియాలో రిడ్జ్‌వే అనే పల్లెలో 1947 నుంచి నడుస్తున్న ట్రాకు. ఆకారం పేపర్ క్లిప్పులా ఉంటుంది. పొడుగ్గా రెండు తిన్నని దారులు, చివర్లలో చిన్న మలుపులు, వాలు 12 డిగ్రీలే. వెనక రైలు పట్టాలు. రేసు మధ్యలో గూడ్సు బండి పోతుంటే నాన్న వ్యాగన్లు లెక్కపెట్టారు. గెలిచినవాడికి నిలువెత్తు గడియారం ఇస్తారు. మన నరేన్ కార్తికేయన్ 2010లో నాస్కార్ ట్రక్ రేసుల్లో మొదటిసారి దిగింది ఇక్కడే, 13వ స్థానంలో వచ్చాడు. ఆ సంగతి మావాడు పక్కనున్న ప్రతివాడికీ చెప్పాడు.

నాకు ఈ ట్రాకే ఎక్కువ నచ్చింది. దూకుడు అంటే ఏమిటో కళ్ళతో చూడాలంటే బ్రిస్టల్ కన్నా ఇదే చోటు. నాలుగో మలుపు దగ్గర, మధ్య వరసల్లో కూర్చుంటే బంపర్లు తగిలే చోటు స్పష్టంగా కనబడుతుంది. మలుపులోకి వెళ్తూ వెనకవాడు ముక్కుని ముందు కారు బంపర్ కింద ఆనిస్తాడు. ముందు కారు వెనక చక్రాల మీద బరువు తేలికవుతుంది, పట్టు పోతుంది, కారు పైకి జారుతుంది. వెనకవాడు లోపలి దారిలో దూరిపోతాడు. ముందువాడు ఒక స్థానం పోగొట్టుకుంటాడు, అంతే. దాన్నే బంప్ అండ్ రన్ అంటారు. అదే దెబ్బ వెనక కుడి మూలకి తగిలితే కారు కుడికి తిరిగి తలతో గోడని గుద్దుతుంది. 2023 మేలో మా షార్లెట్ ట్రాకు మీదే చేజ్ ఎలియట్ అలా డెన్నీ హామ్లిన్‌ని గోడకి పంపాడు, అతన్ని ఒక రేసుకి సస్పెండ్ చేశారు. నాన్నకి ఈ తేడా నేను చెప్పాల్సిన పని లేకపోయింది. యాభై చుట్లు చూసి ఆయనే అన్నారు: "ఒకడు దారి అడుగుతున్నాడు, ఇంకొకడు ప్రాణం అడుగుతున్నాడు. రెండూ ఒకటి కాదు."

ఈ ట్రాకు మీద 2015 నవంబరులో మాట్ కెన్సెత్ అనే నెమ్మదస్తుడు, తొమ్మిది చుట్లు వెనకబడి ఉండి, అందరికన్నా ముందున్న జోయీ లోగానోని కావాలని గోడకి కొట్టాడు. రెండు వారాల ముందు కాన్సస్‌లో లోగానో తనని తిప్పాడన్న కోపం. జనం కేకలతో ఊగిపోయారు, నాస్కార్ కెన్సెత్‌ని రెండు రేసులకి సస్పెండ్ చేసింది. ఆ శిక్ష సరైనదని నా అభిప్రాయం. గెలవడానికి తగిలించేవాణ్ణి నేను ఒప్పుకుంటాను. పగ తీర్చుకోవడానికి కాచుకున్నవాడు, ఎంత మంచివాడైనా, ఆ క్షణంలో డ్రైవర్ కాడు.

2022లో ఇక్కడే రాస్ చాస్టెయిన్ చివరి చుట్టులో కారుని గోడకి ఆనించి, కాలు ఎత్తకుండా తొక్కి ఐదు కార్లని దాటాడు. పుచ్చకాయల రైతు కుటుంబం అతనిది. ఆ చుట్టు 18.845 సెకన్లు. తర్వాత అలా చేస్తే శిక్ష తప్పదని నాస్కార్ చెప్పేసింది. మేం చూసిన రేసులో ర్యాన్ బ్లేనీ గెలిచాడు, కానీ జనం చూపంతా వెనక ఉంది. క్రిస్టఫర్ బెల్, విలియం బైరన్ మధ్య ఛాంపియన్‌షిప్‌కి పోటీపడే చివరి నలుగురిలో చోటు కోసం పాయింట్ల లెక్క సమానమైంది. చివరి మలుపులో బెల్ కారు గోడకి తగిలి దాన్ని రాసుకుంటూ వచ్చింది. చాలాసేపు ఎవరూ కదల్లేదు. చీకటి పడింది, చలి మొదలైంది. చివరికి అది ఆ పాత నిషేధం కిందికే వస్తుందని తేల్చి బైరన్‌కి చోటిచ్చారు. ఆ వారంలోనే మూడు జట్లకి జరిమానాలు పడ్డాయి. తమ కంపెనీ బండికి మేలు చేయడానికి ఆ కార్లు దాటగలిగీ దాటలేదని, కావాలని నెమ్మదించాయని. నాన్నకి అన్నిటికన్నా కోపం తెప్పించింది అదే. "గుద్దినవాడు కనీసం పని చేస్తున్నాడు. వీళ్ళు స్టీరింగ్ పట్టుకుని అబద్ధం ఆడారు," అన్నారు.

సేవల విషయంలో మార్టిన్స్‌విల్‌కే ఎక్కువ మార్కులు. గడ్డి మైదానంలో ఉచిత పార్కింగ్. నాన్న మెల్లగా నడవడం చూసి ఒక వాలంటీర్ గోల్ఫ్ బండిలో గేటు దాకా దింపింది. ఎర్రటి హాట్‌డాగులు ఇక్కడి ప్రత్యేకం, మావాడు మూడు తిన్నాడు. శాకాహారం దాదాపు లేదు, పెరుగన్నం మీదే నమ్మకం పెట్టుకోండి. నవంబరులో స్వెట్టర్, మఫ్లర్ తప్పవు. బయటికి రావడానికి గంటన్నర పట్టింది, ఒకటే ఇరుకు రోడ్డు. అయినా ఎవరూ హారన్ కొట్టలేదు, ఒక్కో వరస నుంచి ఒక్కో కారు వంతులవారీగా కదిలాయి. నాన్న అద్దం దించి దాన్ని చాలాసేపు చూశారు.

పద్దెనిమిదిన ఆయన హైదరాబాద్ విమానం ఎక్కారు. సంచీలో నల్ల 3 నంబర్ టోపీ ఉంది. డిపోలో పాత స్నేహితులకి చూపిస్తారట. మార్టిన్స్‌విల్ వసంతం రేసుకి టికెట్లు రెండే కొన్నాను. రేసు మొదలయ్యేసరికి అక్కడ అర్ధరాత్రి దాటుతుంది. ఫోన్ చెయ్యమన్నారు, మేలుకునే ఉంటానన్నారు.