చల్క నేలల్లో ర్యాడ్‌7: మట్టిగాలిలో రేడాన్ కొలిచే మీటరు ఎంత పనికొస్తుంది?

భూకంపం ఎప్పుడొస్తుందో ఈ మీటరు చెప్పదు. ఆ ఆశతో కొనేవాళ్లు కొనకండి. మట్టి కప్పేసిన భూమి పగులు (ఫాల్ట్) ఎక్కడుందో పట్టడానికైతే డరిడ్జ్ కంపెనీ వాళ్ల ర్యాడ్‌7 నిజంగా మంచి పనిముట్టు. 2020 జనవరిలో పదేపదే కంపించిన సూర్యాపేట జిల్లా చింతలపాలెం లాంటి చోట కావలసింది అదే. రేడాన్ అంటే రాళ్లలోని యురేనియం, దాన్నుంచి వచ్చే రేడియం క్షయమవుతుంటే పుట్టే రేడియోధార్మిక వాయువు. పగులు ఉంటే దాని గుండా పైకి వస్తుంది.

దీని బలం ఆల్ఫా కణాలను వాటి శక్తిని బట్టి విడదీయడంలో ఉంది. రేడాన్ వల్ల వచ్చే పొలోనియం-218 ను 6 ఎంఈవీ (కణం శక్తికి కొలమానం) దగ్గర, థోరాన్ (థోరియం నుంచి పుట్టే రేడాన్ మరో రూపం) వల్ల వచ్చే పొలోనియం-216 ను 6.78 దగ్గర విడివిడిగా లెక్కిస్తుంది. థోరాన్ అర్ధాయువు 55.6 సెకన్లే, రేడాన్‌ది 3.82 రోజులు. అంటే లోతు నుంచి పైకి వచ్చేలోపే థోరాన్ అంతరించిపోతుంది. కాబట్టి థోరాన్ మామూలుగానే ఉండి రేడాన్ ఒక్కటే ఎగిస్తే గాలి లోతు నుంచి వస్తోందని అనుమానించాలి. నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు వైపు ఈ లెక్క పారదు. అక్కడి గ్రానైట్‌లో యురేనియం ఉంది, అదీ రేడాన్‌నే పెంచుతుంది. ప్రతి పాయింటు దగ్గరా మట్టి తీసి రేడియం పరీక్ష చేయించాకే పగులు గీత గీయాలి.

పగులు ఉందనుకున్న దిశకు అడ్డంగా లైను వేసి, ముందు 50 మీటర్లకు ఒక పాయింటు, రీడింగు పెరిగిన చోట 10 మీటర్లకు ఒకటి పెట్టండి. గడ్డపారతో 80 సెంటీమీటర్ల బొక్క కొట్టి, ప్రోబు (మట్టిగాలి లాగే గొట్టపు కడ్డీ) దించి, చుట్టూ తడిమట్టి గట్టిగా కూరాలి. సందు మిగిలితే పైగాలి దిగి రీడింగు పడిపోతుంది. చల్కలో సగం మీటరుకే మొరం తగులుతుంది. అప్పుడు పక్కకు జరిగి మళ్లీ కొట్టండి, లోతు మాత్రం తగ్గించొద్దు. లోతులు వేరైతే పాయింట్లను పోల్చలేం. నల్లరేగడిలో గాలి కదలదు, పంపు మూలుగుతుంది. అక్కడ దీన్ని నమ్ముకోవద్దు.

గ్రాబ్ పద్ధతిలో (గాలి ఒకసారి పట్టి, ఆపి లెక్కించడం) 5 నిమిషాలు గాలి లాగి, 5 నిమిషాలు ఆగి, 5 నిమిషాల చొప్పున నాలుగుసార్లు లెక్కిస్తుంది. పాయింటుకు అరగంట. థోరాన్ కావాలంటే స్నిఫ్ పద్ధతి (గాలి లాగుతూనే లెక్కించడం) వాడాలి, థోరాన్ దారిలోనే అంతరించకుండా పైపు వీలైనంత పొట్టిగా ఉండాలి.

అసలు తిప్పలు తేమతో. మీటరు లోపల తేమ 10 శాతం దాటితే లెక్క తగ్గుతుంది, మట్టిగాలేమో ఎప్పుడూ తడిగానే ఉంటుంది. గాలిని ఆరబెట్టే గొట్టంలోని నీలం గుళికలు గులాబీ రంగుకు తిరగగానే ఆ గొట్టం మార్చేయండి. కృష్ణ ఒడ్డున నీటిమట్టం పైకే ఉంటుంది, ప్రోబు నీళ్లు పీల్చిందంటే డిటెక్టరు పోయినట్టే. గాలి లాగినంతసేపూ పైపు మీద కన్ను వేసి ఉంచండి. వాన పడ్డాక కొన్నాళ్లు కొలవొద్దు. తడిసిన పైపొర మూతలా పనిచేసి రీడింగును ఎత్తేస్తుంది.

వారాల తరబడి మార్పు చూడాలంటే ఈ మీటరు దండగ. కప్పులో ఎల్‌ఆర్-115 ఫిల్ము (ఆల్ఫా కణాలు తాకిన గుర్తులు పడే ప్లాస్టిక్ ఫిల్ము) పెట్టి పూడ్చి, తీశాక 2.5 నార్మల్ గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్‌లో 60 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచి మచ్చలు లెక్కిస్తే సరిపోతుంది.