పాత ఎంఎక్స్-5లో వైటన్ ఓ-రింగు: చాలాకాలం వాడాక

మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5 గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. 1989 నుంచి 1997 దాకా వచ్చిన బండి. రబ్బరు సీళ్లు ఈ వయసుకి గట్టిపడటం సహజం. నేను రాస్తున్నది ఇంజిన్ హెడ్ వెనకాల క్యామ్ యాంగిల్ సెన్సర్ (క్యామ్‌షాఫ్ట్ స్థితిని కంప్యూటర్‌కి చెప్పేది) మెడకి ఉండే ఒక్క ఓ-రింగు (ఆయిల్‌ని ఆపే గుండ్రని రబ్బరు చుట్టు) గురించే. పాతది తీసేసి వైటన్ (ఎక్కువ వేడి తట్టుకునే ఫ్లోరిన్ రబ్బరు) రింగు వేసి చాలాకాలం నడిపాక చెబుతున్నాను: ఈ బండి మీద ఇంట్లో చేసుకునే పనుల్లో ఇంత చిన్న వస్తువు ఇంత ఊరటనివ్వడం ఇంకెక్కడా చూడలేదు.

ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసేచోట బెల్‌హౌసింగ్ (క్లచ్‌ని కప్పే గూడు) అడుగున చుక్కలు పడుతుంటే ఎవరైనా ముందు అనే మాట "రియర్ మెయిన్ సీల్ పోయింది" (క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర ఉండే సీలు). అది మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, క్లచ్ విప్పాలి, ఫ్లైవీల్ ఊడదీయాలి. అయితే సెన్సర్ రింగు నుంచి ఊరే ఆయిల్ కూడా చివరికి చేరేది అక్కడికే. హెడ్ వెనక గోడ మీదుగా జారి, బెల్‌హౌసింగ్ నెత్తిన పేరుకుని, పక్కల నుంచి దిగి అడుగున చుక్క కడుతుంది. కింద పడుకుని చూసేవాళ్లకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. హెడ్ వెనక భాగాన్ని, బెల్‌హౌసింగ్ పైభాగాన్ని డీగ్రీజర్‌తో కడిగి, బ్రేక్ క్లీనర్ కొట్టి, పూర్తిగా ఆరనివ్వాలి. పైన టాల్కం పౌడర్ పలచగా చల్లి, ఇంజిన్ వేడెక్కేదాకా ఐడిల్‌లో ఉంచాలి. తర్వాత ఆపి, చిన్న అద్దం, టార్చి పెట్టి చూస్తే పౌడర్ ఎక్కడ తడిసిందో అక్కడే మూలం. బెల్‌హౌసింగ్ నెత్తి జిడ్డుగా ఉంటే ఆయిల్ పైనుంచి వస్తున్నట్టే. పైనంతా పొడిగా ఉండి అడుగున మాత్రమే తడుస్తుంటే అప్పుడు మెయిన్ సీల్‌ని అనుమానించొచ్చు. దీనికన్నా ముందు పీసీవీ వాల్వు (క్రాంక్‌కేస్ గాలిని బయటికి వదిలేది) తీసి ఊపి చూడండి, లోపల గలగలలాడాలి. అది మూసుకుపోతే క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగి, ఏ సీలు బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ని బయటికి నెడుతుంది. దాన్ని వదిలేసి ఎన్ని రింగులు మార్చినా ఉపయోగం లేదు.

ఇక అసలు పని. సెన్సర్‌ని పట్టుకునేది ఒకే బోల్టు, 12 మిల్లీమీటర్ల తల. చిక్కంతా అది ఉన్న చోటులోనే: హెడ్‌కీ ఫైర్‌వాల్‌కీ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) మధ్య అరచెయ్యి కూడా సరిగా పట్టదు, పక్కనే హీటరు గొట్టాలు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టాలి. ఇగ్నిషన్ కాయిల్ ప్యాక్ విప్పి పక్కకి జరిపితే చాలా సులువు. ఆ పని బద్ధకించినవాళ్లే బోల్టు తలని గుండ్రంగా అరగదీస్తారు. పావు అంగుళం రాచెట్, పొట్టి ఎక్స్‌టెన్షన్, ఆరు మూలల సాకెట్ ఉంటే చాలు. పని మొదలుపెట్టే ముందు బెల్‌హౌసింగ్ మీద పాతగుడ్డ పరిస్తే జారిన బోల్టు దాని మీదే ఆగుతుంది.

విప్పేముందు సెన్సర్ ఒంటి మీద, హెడ్ మీద కలిసేలా సన్నని సూదిగీత గీయండి. పెయింటు గుర్తు బ్రేక్ క్లీనర్ తగిలితే చెరిగిపోతుంది. ఆ గీతే మీ ఇగ్నిషన్ టైమింగ్. బ్యాటరీ తీగ తీసేసి, సెన్సర్ వైరు ప్లగ్గు ఊడదీసి, సెన్సర్‌ని అటూఇటూ తిప్పుతూ వెనక్కి లాగాలి. ముప్పై ఏళ్ల రింగు అల్యూమినియానికి అతుక్కుని మొరాయిస్తుంది. స్క్రూడ్రైవర్ సందులో పెట్టి తన్నడం మాత్రం వద్దు. ఆ గీరుపడ్డ చోటు నుంచి కొత్త రింగు కూడా కారుతుంది. చెక్క పిడితో పక్కల నుంచి మెల్లగా తడితే వదులుతుంది.

బయటికొచ్చాక పాత రింగుని చూడండి. గుండ్రంగా ఉండాల్సిన అడ్డుకోత బయటివైపు బల్లపరుపుగా అణిగిపోయి ఉంటుంది. గోటితో నొక్కితే లొంగదు, వంచితే పటుక్కున విరుగుతుంది. హెడ్ వేడికి నైట్రైల్ రబ్బరు ఇలాగే అయిపోతుంది. దాని హద్దు సుమారు 120 డిగ్రీల సెల్సియస్. వైటన్ 200 దాకా తట్టుకుంటుంది. చాలామంది కొలత దగ్గరే పప్పులో కాలేస్తారు: అణిగిన పాత రింగుని కొలిచి అదే మందం కొత్తది కొంటారు, అది మొదటిరోజు నుంచే ఊరుతుంది. కొలవాల్సింది గాడిని. గాడి లోతుకన్నా రింగు మందం ఎక్కువుండి, బిగిశాక దాదాపు ఐదోవంతు నలగాలి. అంతకు మించితే లోపలికి పోదు, బలవంతం చేస్తే అంచు తెగుతుంది.

గాడిని ప్లాస్టిక్ పుల్లతో శుభ్రం చేసి, రింగుకి కొత్త ఇంజిన్ ఆయిల్ పూసి ఎక్కించాలి. సిలికాన్ సీలెంట్ చుక్క కూడా వద్దు. క్యామ్‌షాఫ్ట్ గాడిలో కూర్చునే సెన్సర్ నాలుక మధ్యకి కాకుండా కాస్త పక్కకి ఉంటుంది కాబట్టి ఒకే తీరున కూర్చుంటుంది. పూర్తిగా ఆనకపోతే సగం చుట్టు తిప్పి చూడండి, బోల్టుతో లాగి బిగించకండి. సెన్సర్ బయట ఉన్నంతసేపూ ఇంజిన్‌ని తిప్పొద్దు.

గీతకి గీత కలిపితే బండి నడుస్తుంది. అయినా టైమింగ్ లైటు పెట్టి చూడటమే మంచిది. వేడెక్కిన ఇంజిన్, డయాగ్నసిస్ డబ్బాలో టీఈఎన్, జీఎన్‌డీ రంధ్రాలని తీగతో కలపాలి, ఐడిల్ 850 ఆర్‌పీఎం దగ్గర, క్రాంక్ పుల్లీ మీద టీడీసీకి (పిస్టన్ పైకొసకి చేరే స్థానం) ముందు 10 డిగ్రీలు. ఆ తీగ లేకుండా చూస్తే కంప్యూటర్ టైమింగ్‌ని మారుస్తూనే ఉంటుంది, ఆ అంకెకి విలువ లేదు.

వేశాక మొదటి వేసవి అంతా బెల్‌హౌసింగ్ నెత్తి ఎండిపోయి, దుమ్ము పట్టి ఉండటం చూస్తే కలిగే ఆనందం మాటల్లో చెప్పలేను. అప్పట్లో దీన్ని అందరికీ సిఫారసు చేసేవాణ్ణి. ఇప్పుడు కొంచెం ఆగి చెబుతాను. ఘోరమైన చలి ఉన్నచోట మామూలు వైటన్ బిగుసుకుంటుంది. సుమారు మైనస్ 15, 20 డిగ్రీల దగ్గర దాని సాగుడు తగ్గి, వేడెక్కేదాకా చెమ్మ పెట్టొచ్చు. అక్కడ కంపెనీ రింగే నయం. గోధుమరంగు చూసి వైటన్ అనుకోవద్దు, ఏ రబ్బరుకైనా ఆ రంగు వేయొచ్చు. సెన్సర్ లోపలి షాఫ్ట్ సీలు పోయి ఉంటే బయటి రింగు ఏదైనా ఆగదు. ప్లగ్గు విప్పినప్పుడు పిన్నుల మీద ఆయిల్ కనిపిస్తే అదే గుర్తు, సెన్సర్ మార్చాల్సిందే.

వాల్వ్ కవర్ వెనక మూలల నుంచి దిగే ఆయిల్ కూడా ఇదే దారిలో వస్తుంది. రింగు మార్చాక తడి తగ్గి, పూర్తిగా పోకపోతే ముందు అక్కడే వెతకండి. గాస్కెట్ కొత్తది వేసి, క్యామ్ క్యాపులు హెడ్‌ని కలిసే మూలల్లో మాత్రం సీలెంట్ పలచగా పెట్టి, బోల్టులు మధ్య నుంచి బయటికి 5 నుంచి 9 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. కారుతోందని ఇంకా బిగిస్తే గాస్కెట్ పక్కకి ఉబ్బి ఇంకా కారుతుంది.

క్లచ్ కోసం ఎలాగూ గేర్‌బాక్స్ దించుతున్నవాళ్లు మెయిన్ సీల్ కూడా అప్పుడే మార్చేసుకోవచ్చు, అప్పుడు ఈ పరీక్షలు అంత ముఖ్యం కాదు. రెండో తరం బండ్లలో సెన్సర్ల అమరికే మారిపోయింది, వాళ్లకి ఈ రింగు గొడవే లేదు. మొదటి తరం బండి ఉండి, చలి మరీ ఎక్కువ కానిచోట, ఎక్కువగా వేడి రోజుల్లో తిప్పేవాళ్లకి మాత్రం ముందు ఇదే చేయమంటాను. నా వాడకం అలాంటిదే, నా బండికి ఇంకా వైటనే ఉంది.