నోరు విప్పని విద్యార్థికి ఏ కోర్సు? ఒక కెరీర్ కౌన్సెలింగ్ కేంద్రం సేవపై సమీక్ష

ఇంటర్‌లో బైపీసీ చదివి, నీట్‌లో ఎంబీబీఎస్ సీటుకు సరిపడా ర్యాంకు రాక, ఎప్‌సెట్ ర్యాంకుతో ఏ కోర్సులో చేరాలో తేల్చుకోలేని పిల్లలు ప్రతి వేసవిలోనూ కనిపిస్తూనే ఉంటారు. ఆ పిల్లలు పదిమందిలో మాట్లాడడానికి జంకేవారైతే ఇంట్లో చర్చ ఇంకో దారి పడుతుంది. “దీనికి మాట్లాడే పని లేని కోర్సు ఏదైనా చూడండి” అని పెద్దలు తీర్మానించేస్తారు. మా మేనకోడలి విషయంలో మా అక్క అచ్చం ఈ మాటే అన్నది. ఆ ప్రశ్న పట్టుకునే హైదరాబాదులోని ఈ కేంద్రానికి వెళ్ళాం. నా అభిప్రాయం ముందే చెబుతాను: కౌన్సెలర్‌తో విడిగా జరిగే సంభాషణ కట్టిన రుసుముకు తగిన ఫలితం ఇస్తుంది, దానికి ముందు రాయించే పరీక్ష అంతంత మాత్రం, రిసెప్షన్ ఏర్పాట్లు మాత్రం బిడియస్తులైన పిల్లలను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు.

నిరీక్షణ గది నిండా కుటుంబాలు కూర్చుని ఉండగా, కౌంటరు దగ్గరి ఉద్యోగి పిల్లల పేరునూ ర్యాంకునూ కలిపి బిగ్గరగా పిలుస్తారు. ర్యాంకు చెవిన పడగానే పక్క కుర్చీలవారు తల తిప్పి చూడడం, “ఎక్కడ కోచింగ్ తీసుకున్నావమ్మా?” అని ఆరా తీయడం మామూలే. మా అమ్మాయి మొదటి పిలుపుకు లేవనే లేదు. టోకెన్ నంబరుతో పిలిస్తే తీరిపోయే ఇబ్బంది ఇది. బిడియం ఉన్నవారికి ప్రత్యేక సలహా ఇస్తామని గోడకు బోర్డు తగిలించుకున్న సంస్థకు ఇంత చిన్న సంగతి తట్టకపోవడం ఆశ్చర్యమే.

తరువాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి అభిరుచుల పరీక్ష రాయిస్తారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన సిద్ధాంతం దీనికి ఆధారం. చేతిపని, పరిశోధన, కళ, సేవ, నాయకత్వం, క్రమబద్ధమైన కార్యాలయ పని అనే ఆరింటిలో విద్యార్థి మొగ్గు ఎటువైపు ఉందో ఇది చెబుతుంది. ఈ పద్ధతిలో తప్పేమీ లేదు గానీ, ఇంగ్లీషు బాగా వచ్చినవారు ఇటువంటి పరీక్షనే అమెరికా కార్మిక శాఖ వారి ఓనెట్ వెబ్‌సైటులో ఉచితంగా రాసుకోవచ్చు. పైగా అది అభిరుచిని కొలుస్తుందే తప్ప బిడియాన్ని కొలవదు. ఈ కేంద్రం వారు దానికి వ్యక్తిత్వం అనే మరో భాగం అతికించి, మా అమ్మాయి అంతర్ముఖి అని తేల్చి, ఆమెకు తగిన వృత్తులుగా సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామర్, అకౌంటెంట్, లైబ్రేరియన్ అని అచ్చువేసి ఇచ్చారు. పదో తరగతితోనే లెక్కలు వదిలేసి, రెండేళ్లు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చదివిన పిల్లకు ఇచ్చిన సలహా ఇది! సాఫ్ట్‌వేర్‌లో మాట్లాడే పని ఉండదని ఎవరన్నారో కూడా తెలియదు. పొద్దున లేస్తే స్టాండప్ మీటింగులు, క్లయింట్ కాల్స్‌తో వేగేవారు హైదరాబాదులో ప్రతి అపార్ట్‌మెంటులోనూ దొరుకుతారు.

అదనంగా డబ్బు కడితే వేలిముద్రలను బట్టి మెదడు సామర్థ్యం చెప్పే డీఎంఐటీ పరీక్ష కూడా చేస్తామన్నారు. వేళ్ల మీది రేఖలకూ చదవవలసిన కోర్సుకూ సంబంధం ఉందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు కనుక వద్దన్నాం. వద్దన్న తరువాత మళ్ళీ ఆ ప్రస్తావన తీసుకురాకపోవడం వారి మర్యాద.

ఇక అసలు విషయం కౌన్సెలర్ గదిలో మొదలవుతుంది. మేము కూర్చోగానే ఆవిడ ఏ ప్రశ్న వేసినా మా అక్కే జవాబు చెబుతూ ఉండడంతో, “అమ్మా, మీరిద్దరూ కాసేపు బయట కూర్చోండి, నేను పిలుస్తాను” అన్నారు. లోపల జరిగింది తరువాత మాకు చూపించిన కాగితాలను బట్టి, అమ్మాయి చెప్పినదాన్ని బట్టి రాస్తున్నాను. ఆవిడ అమ్మాయి చేతికి ఒక తెల్లకాగితం, పెన్ను ఇచ్చి, నోటితో చెప్పనక్కరలేదు, రాస్తే చాలన్నారట. ఎవరైనా వచ్చి అడిగితే మాట్లాడడం కష్టమా, మీ అంతట మీరే వెళ్ళి మాట మొదలుపెట్టడం కష్టమా అన్నది ప్రశ్న. “అడిగితే చెబుతాను. నాకు తెలిసిన విషయమైతే బాగానే చెబుతాను. నేనే వెళ్ళి మొదలుపెట్టలేను” అని అమ్మాయి రాసింది. ఇంట్లో మేమెవరమూ అడిగి ఎరుగని ప్రశ్న అది.

ఆ జవాబును ఆధారం చేసుకుని ఆవిడ మరో కాగితం మీద గళ్ళు గీశారు. ఒక్కొక్క కోర్సులోనూ, దాని తరువాత వచ్చే ఉద్యోగంలోనూ మాట్లాడవలసిన సందర్భాలు ఏవి, ఎవరితో, మాట ఎవరు మొదలుపెట్టాలి, ముందుగా తయారు కావడానికి వీలుంటుందా అన్నవి ఆ గళ్ళు. మాట్లాడే పని లేని కోర్సు కోసం వెతకడం మానేసి, ఏ రకం మాట తనకు పట్టుబడుతుందో చూసుకోవడానికి ఇది పనికివచ్చింది. నా దృష్టిలో ఈ కేంద్రం ఇచ్చే సేవ అంతా ఈ కాగితంలోనే ఉంది.

మా అక్క మనసులో మొదటి స్థానం బీఎస్సీ అగ్రికల్చర్‌ది. మొక్కలతో పని కదా, మనుషులతో పనేముంటుంది అని ఆవిడ లెక్క. అయితే ఆ కోర్సు చివరి సంవత్సరంలో ‘రావే’ అని పిలిచే గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం ఉంటుంది. విద్యార్థులు పల్లెలో ఉంటూ, పొలాల వెంట తిరుగుతూ రైతులను పలకరించి వివరాలు రాబట్టాలి. చదువు పూర్తయ్యాక చేరే ఉద్యోగాలలో ఒకటైన ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) పనినే తీసుకుంటే, తెలంగాణలో సుమారు 5,000 ఎకరాల క్లస్టరుకు ఒకరు చొప్పున ఉండే ఆ అధికారి రైతు వేదికలో సమావేశాలు నడపాలి, తన తండ్రి వయసు రైతులకు ఎరువుల మోతాదు గురించి నచ్చజెప్పాలి. అంటే మాట మొదలుపెట్టవలసిన భారం అడుగడుగునా తన మీదే పడుతుంది. అభిరుచి గట్టిగా ఉంటే ఈ భారం మోయవచ్చుననీ, మాట్లాడనవసరం లేదన్న ఆశతో మాత్రం చేరవద్దనీ కౌన్సెలర్ స్పష్టంగా చెప్పారు.

ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) సంగతి దీనికి సరిగ్గా తలకిందులుగా వచ్చింది. వార్డులలో రోగులతో మాట్లాడాలి కనుక ఇంట్లో మేము ముందే కొట్టేసిన కోర్సు అది. 2008లో మన దేశంలో మొదలైన ఈ కోర్సు అయిదేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ కలిపి ఆరేళ్లు. పై తరగతులలో వైద్యుల వెంట వార్డు రౌండ్లకు వెళ్ళాలి, రోగి ఏ మందులు వాడుతున్నారో, ఎప్పటి నుంచి వాడుతున్నారో, పడని మందులేమైనా ఉన్నాయో అడిగి రాసుకోవాలి. మాట్లాడవలసింది ఎక్కువే అయినా, ఏమి అడగాలో ఫారంలో ముందే ఉంటుంది, ఎందుకు వచ్చామో ఎదుటివారికి తెలుసు, చెప్పేది చదువుకున్న విషయమే. దీన్ని ఊరికే చెప్పి వదిలేయకుండా కౌన్సెలర్ ఒక చిన్న పరీక్ష పెట్టారు. థైరాయిడ్ మాత్ర గురించిన ఒక కరపత్రం ఇచ్చి, చదువుకున్నాక తనకు వివరించమన్నారు. ఆ తరువాత మమ్మల్ని లోపలికి పిలిచి, అదే మాట అమ్మాయి చేత మా అక్కకు చెప్పించారు. మాత్ర పరగడుపున మంచినీళ్లతోనే వేసుకోవాలనీ, టిఫిన్‌కు కనీసం అరగంట వ్యవధి ఉండాలనీ, ఐరన్, కాల్షియం మాత్రలు దీనితో కలిపి వేసుకోకూడదనీ ఆ పిల్ల ఎక్కడా తడబడకుండా చెప్పింది. మా అక్క ఎంతో కాలంగా ఆ మాత్రను కాఫీతో మింగుతోందన్న సంగతి కూడా ఆ గదిలోనే బయటపడింది, అది వేరే కథ.

బీఫార్మసీ గురించి చెప్పింది కూడా సమతూకంగానే ఉంది. ఎనిమిది సెమిస్టర్ల ఆ కోర్సులో మొదటి సెమిస్టర్‌లోనే కమ్యూనికేషన్ స్కిల్స్ పాఠం, దానికి ప్రాక్టికల్ ఉంటాయి. ల్యాబు ఉన్నచోటల్లా వైవా అనే మౌఖిక పరీక్ష ఉంటుంది. చదువు తరువాత జీడిమెట్ల, పాశమైలారం వైపు మందుల కంపెనీలలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబులు, మందుల దుష్ఫలితాల నివేదికలను చదివి విశ్లేషించే ఫార్మకోవిజిలెన్స్ కార్యాలయాలు నిదానస్తులకు అనువైనవి. అదే డిగ్రీతో మెడికల్ రిప్రజెంటేటివ్‌గా చేరితే డాక్టర్ల గది బయట నిలబడి మాట కలపడమే బతుకుతెరువు. మెడికల్ ల్యాబ్ టెక్నాలజీలో కూడా రక్తం తీసేటప్పుడు రోగిని పలకరించక తప్పదని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళారు.

సాధారణ డిగ్రీ వైపు చూసేవారికి మాత్రం ఈ కేంద్రం అంతగా ఉపయోగపడదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో మూడు ప్రధాన సబ్జెక్టుల పద్ధతి పోయి ఒకే మేజర్ సబ్జెక్టు పద్ధతి వచ్చింది. తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా జరిగే ప్రవేశాల తీరు వేరు. వారి కరపత్రంలో రెండు రాష్ట్రాలకూ కలిపి ఒకే పట్టిక వేసి ఉంది, అది చూసుకుని ఆప్షన్లు పెడితే గందరగోళమే.

రుసుము 4,000 రూపాయలు. ఇందులో వెబ్ ఆప్షన్ల గడువు ముగిసేవరకు వాట్సాప్‌లో సందేహాలు అడిగే సౌకర్యం కూడా ఉంది. ఫోన్ చేయడానికి జంకే పిల్లలకు ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు. మా అమ్మాయి రాత్రిపూట రాసి పంపిన ప్రశ్నలకు మరునాటికల్లా జవాబులు వచ్చాయి. ఫార్మ్‌డీ కాలేజీకి కనీసం 300 పడకల ఆసుపత్రి అనుబంధంగా ఉండాలన్నది నిబంధన కాబట్టి, ఆ ఆసుపత్రి ఏది, కాలేజీకి ఎంత దూరం, రోజూ రౌండ్లకు పంపుతారా అని పై తరగతి విద్యార్థులను అడిగి తెలుసుకున్నాకే ఆప్షన్ల వరుస నిర్ణయించుకోమన్న సలహా అలా వచ్చినదే. ఆ ప్రకారం ఫార్మ్‌డీ కాలేజీలు కొన్ని ముందు, బీఫార్మసీ తరువాత పెట్టుకుంది.

అయిదుకు మూడున్నర ఇస్తాను. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే వేలిముద్రల ప్యాకేజీ వద్దని చెప్పండి, కౌన్సెలర్‌తో విడిగా మాట్లాడే సమయం గంటకు తగ్గకుండా అడిగి తీసుకోండి, రిసెప్షన్‌లో ర్యాంకు పైకి చదవవద్దని ఫారం ఇస్తున్నప్పుడే చెప్పి పెట్టండి; మా తరువాత వచ్చిన ఒక కుటుంబం అలా అడిగితే ఒప్పుకున్నారు.